మధ్యయుగం ఏ ఊళ్ళో ముగిసింది? రెజీన్ పెర్నూ గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. ఒక ఉత్తరంతో మొదలుపెడతాను.

ప్యారిస్‌లో జాతీయ ఆర్కైవ్స్ అని ఉంది. ఫ్రాన్స్ దేశపు పాత దస్త్రాలన్నీ ఉండే చోటు. అందులోనే ఒక మ్యూజియం కూడా ఉంది, అప్పట్లో ఫ్రాన్స్ చరిత్ర మ్యూజియం అనేవారు. 1949లో ఆ మ్యూజియం బాధ్యత ఒక నలభై ఏళ్ళ ఆర్కైవిస్ట్‌కి, అంటే పాత దస్త్రాలు చూసుకునే మనిషికి, అప్పగించారు. ఆవిడ కుర్చీలో కూర్చున్న కొత్తలోనే ఎవరో ఉత్తరం రాశారు. మధ్యయుగాన్ని అధికారికంగా ముగించిన సంధి ఏ తారీఖున జరిగిందో కచ్చితంగా చెప్పండి అని. దాని కింద ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఆ సంధిని సిద్ధం చేసిన ప్రతినిధులు ఏ ఊళ్ళో కూర్చుని మాట్లాడుకున్నారు అని.

అంటే ఆ రాసినాయన దృష్టిలో మధ్యయుగం ఒక యుద్ధం లాంటిది. ఏదో ఒక రోజు పెద్దమనుషులు కూర్చుని, సంతకాలు పెట్టి, ఇవాళ్టితో ఈ చీకటి ఆపేద్దాం అని తీర్మానించుకున్నారని ఆయన నిజంగానే అనుకున్నాడు. ఇంకోసారి టెలివిజన్‌లో పనిచేసే ఒకావిడ ఫోన్ చేసి, మీ దగ్గర మధ్యయుగం బొమ్మలు ఉంటాయట కదా, కాస్త మధ్యయుగం అంటే ఏమిటో తెలిసేలా ఉండాలి, నరుక్కోవడాలు, ఊచకోతలు, కరువులు, అంటువ్యాధులు, అలాంటివి కావాలి అని అడిగింది.

ఈ రెండు సంగతులూ ఆ ఆర్కైవిస్టే తర్వాత 1977లో ఒక పుస్తకం మొదట్లో రాసుకుంది. ఆవిడ పేరు రెజీన్ పెర్నూ. ఇవాళ మాట్లాడబోయేది ఆవిడ గురించి.

ఫ్రాన్సు వాళ్ళ సంగతి మనకెందుకు అని కొంతమందికి అనిపించవచ్చు. మన పత్రికల్లో ఏదైనా ఘోరం జరిగితే శీర్షిక ఎలా పెడతారో గుర్తు తెచ్చుకోండి. "మధ్యయుగాల నాటి మనస్తత్వం", "మళ్ళీ మధ్యయుగాల్లోకి" అంటారు. ఆ మాట మనది కూడా కాదు, యూరప్ వాళ్ళు వాళ్ళ చరిత్రకు పెట్టుకున్న పేరు. బడి పుస్తకాల ద్వారా మన నోట్లోకి వచ్చింది. చాలా రోజులు నేనూ అలాగే వాడాను. 5వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా, దాదాపు వెయ్యేళ్ళ కాలాన్ని ఒక్క ముద్దగా చేసి తిట్టుగా వాడుకోవడం ఎంత పెద్ద పొరపాటో ఆవిడ రాసినవి చదివాక తెలిసింది. వెయ్యేళ్ళు అంటే ఎంతో ఒకసారి ఆలోచించండి. నన్నయ దగ్గర్నుంచి ఇవాళ్టి దాకా ఎంత కాలమో సుమారు అంత. నన్నయ కాలాన్నీ, రాయల కాలాన్నీ, కంపెనీ కాలాన్నీ, మన కాలాన్నీ కలిపి ఒకే మాటతో "అప్పుడంతా ఇంతే" అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా?

సరే, ఆవిడ జీవితంలోకి వస్తాను.

రెజీన్ పెర్నూ 1909 జూన్ 17న షాతో షీనోన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఫ్రాన్స్ మధ్య భాగంలో ఉంటుంది ఆ ఊరు. పెరిగింది మాత్రం దక్షిణాన సముద్రం ఒడ్డున, మార్సేయ్‌లో. ఆ రేవు పట్నం ఆవిడ మీద బలంగా పనిచేసిందని అనుకుంటాను, ఎందుకంటే తర్వాత డాక్టరేట్ కోసం తీసుకున్న విషయం కూడా మార్సేయ్ రేవు చరిత్రే. మొదటి నుంచి 13వ శతాబ్దం చివరి దాకా ఆ రేవులో ఏం జరిగింది, ఏ సరుకు వచ్చింది, ఎవరు ఎవరితో ఒప్పందం రాసుకున్నారు, ఇదీ ఆవిడ తవ్విన విషయం. పక్కనే ఉన్న ఎక్స్ ఆన్ ప్రొవాన్స్‌లో డిగ్రీ చదివింది. అక్కణ్ణుంచి ప్యారిస్ వెళ్ళి ఎకోల్ దే షార్త్‌లో చేరింది.

ఈ బడి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఇది తెలియకపోతే ఆవిడ పద్ధతి అర్థం కాదు. షార్త్ అంటే పాత కాలపు దస్తావేజు, పట్టా, శాసనపత్రం లాంటివి. 1821లో పద్దెనిమిదో లూయీ రాజు ఆజ్ఞతో పుట్టిన బడి ఇది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, ఫ్రెంచి విప్లవంలో మఠాల దస్త్రాలు, జమీందార్ల దస్త్రాలు అన్నీ ప్రభుత్వం చేతికి వచ్చి పడ్డాయి, గదులకు గదులు నిండిపోయాయి. వాటిని చదవగలిగిన మనుషులు మాత్రం తగ్గిపోయారు. పూర్వం ఆ పని చేసిన పండిత సన్యాసులు చెదిరిపోయారు. లాటిన్ తెలిస్తే సరిపోదు, ఆ కాలపు రాత చదవాలి. మన కరణాల గొలుసుకట్టు రాత చూసినవాళ్ళకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. నేను ఒకసారి పాత భూమి దస్త్రాల కట్ట ఒకటి విప్పి చూశాను. అది తెలుగే, నా మాతృభాషే, ఒక్క వాక్యం చదవలేకపోయాను. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసి రాసుకుంటూ పోయారు. పక్కన ఒక పెద్దాయన వేలు పెట్టి చదువుతుంటే ఆ గీతలన్నీ మనుషుల పేర్లయ్యాయి, పొలం హద్దులయ్యాయి. ఆ బడిలో నేర్పేది సరిగ్గా అదే. పాత రాత చదవడం, పాత ఫ్రెంచి, లాటిన్, ఒక పత్రం అసలుదో దొంగదో తేల్చడం, ఏ దస్త్రం ఏ కార్యాలయంలో, ఎందుకు పుట్టిందో చెప్పగలగడం. చివర్లో ఒక పరిశోధన రాసి నెగ్గితే "ఆర్కైవిస్ట్, పాలియోగ్రాఫర్" అనే పట్టా ఇస్తారు. పెర్నూకి ఆ పట్టా 1933లో వచ్చింది.

పట్టా వచ్చింది, ఉద్యోగం రాలేదు. ముప్పైల్లోని ఆర్థిక మాంద్యం అది. ఆవిడ చాలా ఏళ్ళు స్థిరమైన పని లేకుండానే గడిపింది. పిల్లలకి ఇంటి దగ్గర చదువు చెప్పింది, బడిలో పాఠాలు చెప్పింది, దస్త్రాలను వర్గీకరించి పెట్టే కూలి పని లాంటిది చేసింది, రాత్రిళ్ళు తన రాతలు రాసుకుంది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో పీహెచ్‌డీ చేసి పోస్టు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఉంటారు, మీ టెన్షన్ ఏమిటో నాకు తెలుసు. ఆవిడకి మ్యూజియంలో మొదటి పక్కా ఉద్యోగం 1947లో వచ్చింది, రాన్స్ పట్నంలో. అంటే పట్టా తర్వాత పద్నాలుగేళ్ళకి. ఈలోగా యుద్ధం ముగిసే రోజుల్లో "మధ్యయుగపు వెలుగు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం వేసింది. 1946లో దానికి ఫెమినా వాకారెస్కో బహుమతి వచ్చింది. చీకటి అని అందరూ అంటున్న కాలానికి వెలుగు అని పేరు పెట్టడంలోనే ఆవిడ తగువు ఎవరితోనో తెలిసిపోతుంది.

ఇక జాతీయ ఆర్కైవ్స్. 1790లో విప్లవ సభ దీన్ని స్థాపించింది. 1794లో వచ్చిన చట్టం ప్రకారం ప్రజల దస్త్రాలు చూడటం పౌరులందరి హక్కు. రాజుల రహస్యాల పెట్టెలాగా ఉన్నదాన్ని ఊరందరి సొమ్ముగా మార్చిన చట్టం అది, నా మటుకు నాకు విప్లవం చేసిన గొప్ప పనుల్లో అదొకటి. 1808లో నెపోలియన్ ఈ దస్త్రాలను సుబీజ్ భవనం అనే పెద్ద పాత మహలులోకి మార్పించాడు. మ్యూజియం 1867 నాటికి తెరిచారు. మామూలు మ్యూజియాల్లోలాగా కత్తులు, కిరీటాలు ఉండవు, కాగితాలూ తోలు పత్రాలే ఉంటాయి. వాటిని అద్దాల్లో పెట్టి, దారిన పోయేవాడు కూడా ఆగి చూసేలా చెయ్యడం ఆవిడ పని. మామూలు జనానికి అర్థమయ్యేలా రాసే ఆవిడ గుణానికి ఈ ఉద్యోగమే ఒక కారణమని నాకు అనిపిస్తుంది. రోజూ మనుషులు వచ్చి వింత ప్రశ్నలు అడుగుతారు. సంధి ఏ ఊళ్ళో అని అడిగినవాడికి కూడా జవాబు చెప్పాలి.

ఆ ఆర్కైవ్స్‌లో ఉన్న ఒక కాగితం గురించి చెప్తాను. ప్యారిస్ పార్లమాన్ అని, పేరు పార్లమెంటులా ఉన్నా అది పెద్ద న్యాయస్థానం. దాని గుమాస్తా పేరు క్లెమాన్ ద ఫోకెంబెర్గ్. రోజువారీ రిజిస్టరు రాసేవాడు. 1429 మే 10న ఒక వార్త రాశాడు. అప్పట్లో ఫ్రాన్స్ గద్దె కోసం ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం నడుస్తోంది, ఓర్లెయాన్ పట్నాన్ని వాళ్ళు ముట్టడించి ఉన్నారు, ఆ ముట్టడి ఎత్తివేశారని, శత్రువుల వైపు జెండా పట్టుకున్న ఒక అమ్మాయి ఉందట అని. అప్పట్లో ప్యారిస్ ఇంగ్లీషు వాళ్ళ పక్షాన ఉంది, అందుకే "శత్రువులు". రాసి ఊరుకోలేదు, పక్కన మార్జిన్‌లో సిరాతో చిన్న బొమ్మ గీశాడు. చేతిలో జెండా, ఒంటి మీద గౌను, నడుముకి కత్తి, పొడుగాటి జుట్టు. అతను ఆమెను ఎన్నడూ చూడలేదు. నిజానికి ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుని మగవాళ్ళ బట్టలు కట్టుకుని తిరిగేది. ఆమె బతికుండగా గీసిన బొమ్మ మనకి దొరికింది ఇదొక్కటే, అదీ చూడనివాడు గీసింది. జోన్ ఆఫ్ ఆర్క్ అంటే ఆ పిల్లే.

పెర్నూ పేరు లోకానికి తెలిసింది ఎక్కువగా జోన్ వల్లే. చిన్నప్పుడు మనందరం పాఠంగా చదివి ఉంటాం, గొర్రెలు కాసుకునే అమ్మాయి, దేవుడి మాటలు వినిపించాయి, సైన్యాన్ని నడిపింది, కాల్చి చంపేశారు అని. పాఠం అక్కడ ఆగిపోతుంది. దస్త్రాలు అక్కడ మొదలవుతాయి.

ఇంగ్లీషు పక్షానికి చిక్కిన జోన్ మీద మతద్రోహం విచారణ 1431లో రువాన్‌లో జరిగింది. బోవే బిషప్ పియెర్ కోషోన్ నడిపించాడు. ఫిబ్రవరి 21న ఆమెను మొదటిసారి న్యాయమూర్తుల ముందు నిలబెట్టారు, మే 30న కాల్చేశారు. ఈ మధ్యలో అడిగిన ప్రశ్నలు, ఆమె చెప్పిన జవాబులు నోటరీలు కూర్చుని రాశారు. ముఖ్యమైనవాడు గియోమ్ మాన్షోన్. రోజూ ఫ్రెంచిలో రాసుకున్నది తర్వాత లాటిన్‌లోకి మార్చి, ఐదు ప్రతులు చేశారు, మూడు ఇప్పటికీ ఉన్నాయి. అంటే ఆమెను చంపినవాళ్ళే ఆమె గొంతును మనకు దాచిపెట్టారు. చదువురాని పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఎదురుగా పదుల మంది పండితులు. ఫిబ్రవరి 24న ఒక ప్రశ్న వేశారు. నువ్వు దేవుడి కృపలో ఉన్నావని నీకు తెలుసా అని. ఉన్నానంటే గర్వం, మతం ప్రకారం ఎవరూ అలా చెప్పకూడదు. లేనంటే నేరం ఒప్పుకున్నట్టు. ఆమె చెప్పిన జవాబు, లేకపోతే దేవుడు నన్ను అందులో ఉంచుగాక, ఉంటే దేవుడు నన్ను అక్కడే నిలుపుగాక. అడిగినవాళ్ళు నిశ్చేష్టులయ్యారని అక్కడ కూర్చున్న నోటరీల్లో ఒకరు తర్వాత చెప్పాడు.

ఆ "తర్వాత" ఎప్పుడంటే, పాతికేళ్ళకి. దీనికే పెర్నూ సగం జీవితం పెట్టింది. జోన్ తల్లి ఇజబెల్ రొమే, అప్పటికి ముసలావిడ, 1455 నవంబరు 7న ప్యారిస్‌లో నోత్ర్ దామ్ చర్చికి వచ్చి నా కూతురికి అన్యాయం జరిగిందని మొరపెట్టుకుంది. పునర్విచారణకి పోప్ మూడో కలిక్స్‌టస్ అంతకు ముందే అనుమతి ఇచ్చి ఉన్నాడు. మతాధికారి జాన్ బ్రెహాల్ ముందుండి నడిపించాడు. జోన్ పుట్టిన దోమ్రెమీ పల్లెకి వెళ్ళారు, ఓర్లెయాన్, ప్యారిస్, రువాన్ అన్నీ తిరిగారు, నూరుమందికి పైగా సాక్షుల వాంగ్మూలాలు రాసుకున్నారు. 1456 జూలై 7న పాత తీర్పు చెల్లదని కొట్టేశారు.

ఈ రెండు విచారణల లాటిన్ పాఠాలను 19వ శతాబ్దంలో జూల్ కిషెరా అచ్చు వేశాడు, 1841 నుంచి 1849 దాకా, ఐదు సంపుటాలు. ఆయనా ఎకోల్ దే షార్త్ మనిషే, తర్వాత దానికి డైరెక్టర్ కూడా అయ్యాడు. పెర్నూకి వందేళ్ళ ముందు దారి వేసినవాడు. అయితే ఆ సంపుటాలు పండితులవి, మామూలు మనిషి చదవలేడు. పెర్నూ ఏం చేసిందంటే 1953లో పునర్విచారణ వాంగ్మూలాలను తేట ఫ్రెంచిలోకి తెచ్చి, జోన్ జీవితం వరుసలో పేర్చి పెట్టింది. తను వీలైనంత పక్కకు జరిగి సాక్షులను మాట్లాడనిచ్చింది. 1962లో ఇంకో పుస్తకంలో జోన్ సొంత మాటల్నీ సాక్షుల మాటల్నీ కలిపి చరిత్ర చెప్పింది. దస్త్రంతో ఏళ్ళ తరబడి మెలిగిన మనిషి మాత్రమే అంత ఓపిగ్గా వెనక్కి తగ్గగలదని నా నమ్మకం. చాలామంది చరిత్రకారులకి తమ గొంతు వినిపించాలనే తొందర ఎక్కువ.

ఆ వాంగ్మూలాలు చదువుతుంటే మనసు పట్టు తప్పుతుంది. ఒవియెత్ అనే చిన్ననాటి స్నేహితురాలు, జోన్ ఊరు విడిచి వెళ్ళిపోతోందని తనకి తెలియలేదని, తెలిశాక బాగా ఏడ్చానని చెప్పింది. ఒక రైతు, చిన్నప్పుడు నాకు జబ్బు చేస్తే జోన్ వచ్చి చూసుకుందని చెప్పాడు. సెగాన్ అనే ఒక పండిత సన్యాసి, ఈయనది లిమూజాన్ అనే ప్రాంతపు యాస, నీకు వినిపించే గొంతు ఏ భాషలో మాట్లాడుతుంది అని తాను అడిగితే "మీ భాష కంటే మంచి భాషలో" అందని తన మీద పడిన దెబ్బను తానే నమోదు చేయించాడు. ఇక నోటరీ మాన్షోన్. ఆమెను కాల్చిన తర్వాత నెల రోజులు మనసు కుదుటపడలేదని, ఆ విచారణకి తనకిచ్చిన డబ్బులో కొంత పెట్టి ఒక చిన్న ప్రార్థన పుస్తకం కొన్నానని, ఆమె కోసం ప్రార్థించడానికి అది ఇంకా తన దగ్గర ఉందని చెప్పాడు. ఆమెకు శిక్ష పడిన విచారణలో కలం పట్టిన చెయ్యి అది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ రెండో విచారణ నిష్పక్షపాతమైనదేమీ కాదు. ఏడో చార్లెస్ రాజుకి జోన్ వల్లే 1429లో రాన్స్‌లో పట్టాభిషేకం జరిగింది. తనను గద్దె ఎక్కించిన అమ్మాయి మతద్రోహి అన్న మచ్చ ఆయనకి ఇబ్బంది. పైగా పాతికేళ్ళ తర్వాత, ఓడిపోయిన పక్షం వెళ్ళిపోయాక, సాక్షులు కూడా తమను తాము కాపాడుకుంటూ మాట్లాడతారు. పెర్నూ వాళ్ళను నమ్మినంతగా నేను నమ్మలేను. రువాన్‌లో మొదటి విచారణలో కూర్చున్న కొందరు పెద్దలు పునర్విచారణలో "గుర్తు లేదు" అంటుంటే అది మరుపు అని ఎలా అనుకోగలం? కానీ దోమ్రెమీ రైతులకి అబద్ధం ఆడాల్సిన అవసరం ఏముంది? వాళ్ళు చెప్పినవి చిన్న చిన్న సంగతులు, రాజుకి ఏ విధంగానూ పనికిరానివి.

జోన్ మీద పుకార్లు కూడా తక్కువేం లేవు. ఆమె రైతు బిడ్డ కాదు, ఫ్రాన్స్ రాణి ఇజబో రహస్యంగా కన్న బిడ్డ అని ఒక కథ. కాలిపోయింది వేరే మనిషి, జోన్ తప్పించుకుంది అని ఇంకో కథ, 1436లో క్లోద్ అనే ఒకామె నేనే జోన్‌ని అని తిరగడం వల్ల ఆ కథకి ఊపిరి వచ్చింది. ఇలాంటివి ఎప్పుడూ బాగా అమ్ముడుపోతాయి. పెర్నూ 1970లో వీటికి జవాబుగా ఒక పుస్తకమే రాసింది. ఆవిడ జవాబు పద్ధతి ఎప్పుడూ ఒకటే, ఏ కాగితంలో ఉంది చూపించండి అని. ఆ రాణీ బిడ్డ 1407లో పుట్టి వెంటనే చనిపోయాడు. జోన్ 1431లో తనకు సుమారు పంతొమ్మిదేళ్ళని కోర్టులో చెప్పింది. ఆమె బాప్టిజం నాడు ఉన్న వాళ్ళు, పక్కింటివాళ్ళు, ఆడుకున్నవాళ్ళు పేర్లతో సహా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఒక పల్లె మొత్తం ఒక అబద్ధాన్ని యాభై ఏళ్ళు కడుపులో దాచుకుంటుందా? గ్రామం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు ఎవరూ ఆ మాట నమ్మరు.

1974లో ఓర్లెయాన్‌లో జోన్ ఆఫ్ ఆర్క్ కేంద్రం మొదలైంది. రచయిత, మంత్రి ఆంద్రే మాల్రో ప్రోత్సాహం దాని వెనక ఉంది. పెర్నూ దాన్ని స్థాపించి 1985 దాకా నడిపింది. అక్కడ చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది. జోన్‌కి సంబంధించిన దస్త్రాలు ఎక్కడెక్కడ ఉన్నా వాటిని మైక్రోఫిల్మ్ తీయించి ఒక్కచోట చేర్చడం. ఆ రోజుల్లో ఇంటర్నెట్ లేదు, ఒక పరిశోధకుడు ఒక్క విషయం కోసం నాలుగు పట్నాలు తిరగాలి. ఆవిడ ఆ తిరుగుడు తగ్గించింది. తను సేకరించినదాన్ని పట్టుకుని కూర్చోకుండా వచ్చినవాళ్ళందరి ముందూ పరిచింది. 1794 నాటి చట్టం స్ఫూర్తి ఇదే కదా.

ఇప్పుడు స్త్రీల సంగతి. ఇది చాలామందికి నచ్చేది, కొంతమందికి అస్సలు నచ్చనిది. ఆవిడ 1965లో ఎలెనార్ రాణి జీవితం రాసింది, అక్విటేన్ వారసురాలు, మొదట ఫ్రాన్స్ రాజుకి, తర్వాత ఇంగ్లండ్ రాజుకి భార్య. తర్వాత 1980లో "కేథడ్రళ్ళ కాలంలో స్త్రీ" అని ఒక పెద్ద పుస్తకం. ఆవిడ వాదన ఏమిటంటే, 12, 13 శతాబ్దాల్లో ఫ్రాన్స్‌లో స్త్రీకి ఉన్న చోటు తర్వాత శతాబ్దాల్లో పెరగలేదు, తగ్గింది. రాణులకు పట్టాభిషేకం జరిగేది. ఫోంత్‌వ్రో అనే మఠంలో సన్యాసులు, సన్యాసినులు వేర్వేరుగా ఉండేవారు, అందరి మీదా అధికారం ఒక స్త్రీది. మొదటి అధిపతి పెత్రోనీయ్ చాలా చిన్న వయసులోనే ఆ స్థానంలో కూర్చుంది. తొమ్మిదో శతాబ్దంలో దువోదా అనే ఒక తల్లి దూరంగా ఉన్న కొడుకు కోసం ఎలా బతకాలో చెబుతూ ఒక పుస్తకమే రాసింది.

వీళ్ళంతా పెద్దింటివాళ్ళు కదా, మామూలు ఆడవాళ్ళ మాటేమిటి అని అడుగుతారు. నేనూ అదే అడిగాను. ఆవిడ పన్ను చిట్టాలు తీసింది. 13వ శతాబ్దం చివరి నాటి ప్యారిస్ పన్ను చిట్టాల్లో ఆడవాళ్ళ పేర్లు వాళ్ళ పనులతో సహా ఉన్నాయి. బడి నడిపేది, వైద్యం చేసేది, మందులమ్మేది, గార పూసేది, బట్టలకి అద్దకం వేసేది, పుస్తకాలు నకలు రాసేది, బైండింగ్ చేసేది. పన్ను వసూలు చేసేవాడికి స్త్రీవాదం ఏమీ లేదు, డబ్బు కావాలి, అందుకని ఎవరు సంపాదిస్తున్నారో వాళ్ళ పేరు రాశాడు. దస్త్రంలో ఉన్న బలం ఇదే. ఇంకొకటి, నాకు చాలా ఇష్టమైనది. 14వ శతాబ్దంలో పిరనీస్ కొండల్లో కోత్రే అనే ఊరు. అక్కడి మఠంతో ఏదో కౌలు ఒప్పందం మీద ఊరందరూ ఓటు వేశారు. ఊరంతా సరేనంది. గయార్దిన్ ద ఫ్రెషూ అనే ఒక్క ఆడమనిషి మాత్రం ఒప్పుకోనంది. ఆ ఒక్క "కాదు" వల్లే ఆమె పేరు మనదాకా వచ్చింది. ఆమె ఓటు వేయడాన్ని ఆ రాసినవాడు వింతగా చూడలేదు, అది గమనించాలి. ఫ్రాన్స్‌లో దేశవ్యాప్తంగా స్త్రీలకు ఓటు హక్కు 1944లో వచ్చింది.

మరి ఎప్పుడు తగ్గింది? రోమన్ చట్టం చదువుకున్న న్యాయవాదులు బలపడిన కొద్దీ తగ్గిందని ఆవిడ అంటుంది. 1593లో ప్యారిస్ న్యాయస్థానం స్త్రీలను ప్రభుత్వ పదవుల నుంచి దూరం పెట్టింది. 1804 నెపోలియన్ చట్టంలో భార్య భర్తకు విధేయురాలై ఉండాలని రాసేశారు. మంత్రగత్తెలని ఆడవాళ్ళను పెద్ద ఎత్తున కాల్చడం కూడా 16, 17 శతాబ్దాల్లోనే ఎక్కువ, అంటే మనం వెలుగు అని పిలుచుకునే పునరుజ్జీవన కాలంలో, ఆ తర్వాతా.

ఇక్కడ రుద్రమదేవి గుర్తుకు రాకుండా ఉండదు. అదే 13వ శతాబ్దం. ఆమె ఎప్పుడు చనిపోయిందో మనకి చెప్పింది పెద్ద కావ్యం ఏమీ కాదు, నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం. ఒక రాయి మీద కొన్ని పంక్తులు. దాన్ని చదివినవాళ్ళు లేకపోతే మన దగ్గర ఇప్పటికీ కథలే తిరుగుతుండేవి.

ఆవిడ మీద విమర్శలు ఉన్నాయి, కొన్నిటితో నేను ఏకీభవిస్తాను. మధ్యయుగాన్ని మరీ తళతళలాడించిందని అంటారు. ఆవిడ గాఢమైన కాథలిక్ విశ్వాసి, ఆ విశ్వాసం రాతల్లో కనిపిస్తుంది. మఠాల సంగతి చెప్పినంత ప్రేమగా భూమికి కట్టేసిన బానిస రైతుల సంగతి చెప్పదు. యూదుల మీద జరిగినవి చాలు అన్నంతగా రాయదు. ఫోంత్‌వ్రో అధిపతి గొప్పది నిజమే, కానీ అలాంటివాళ్ళు ఎంతమంది? చిట్టాలో అద్దకం వేసే స్త్రీ పేరు ఉంది, ఆమెకి కూలి మగవాడితో సమానంగా ఇచ్చారా? ఆ ప్రశ్నలు తర్వాతి తరం చరిత్రకారులు వేశారు, వెయ్యాల్సినవే. కానీ ఒకటి, ఆవిడతో తగువు పడాలన్నా అదే చిట్టా తెరవాలి. "అప్పుడంతా చీకటి" అన్నవాడితో తగువు పడటానికి తెరవాల్సింది ఏమీ లేదు, వాడి దగ్గర కాగితమే లేదు.

బహుమతులు, పురస్కారాల జాబితా చదవను. చివరి దాకా రాస్తూనే ఉంది. 1998 ఏప్రిల్ 22న ప్యారిస్‌లో కన్నుమూసింది. ఎనభై ఎనిమిదేళ్ళు.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒక్క వాంగ్మూలం చెప్పి దిగిపోతాను, ఆ పునర్విచారణలో దోమ్రెమీ నుంచి వచ్చింది. పెరాన్ అని, ఆ ఊరి చర్చిలో గంట కొట్టే పని చేసినవాడు. అప్పటికి ముసలివాడైపోయాడు. అధికారులు అడిగింది జోన్ మంచి నడవడిక గలదేనా, భక్తి గలదేనా అని. అతను చెప్పింది ఇది. సాయంత్రం ప్రార్థనకి గంట కొట్టడం తాను మరిచిపోతే జోన్ వచ్చి కోప్పడేదట, ఇలా చెయ్యడం బాగాలేదు అనేదట. సరిగ్గా కొడితే నీకు ఉన్ని ఇస్తాను అని ఆశ పెట్టేదట.